నలుదిక్కుల సమ్మెట పోటులో నికెల్ సూపర్ అల్లాయ్: రేడియల్ ఫోర్జింగ్‌లో వేడిమి లెక్క

ప్రత్యేక వ్యాసం

అంబాజీపేట (డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా):

కొబ్బరి వ్యాపారానికి పేరుపొందిన అంబాజీపేట ప్రాంతంలో కాయల పీచు ఒలిచే ఇనుప గునపం మొన అరిగిపోయినప్పుడు దానిని కమ్మరి కొలిమికి తీసుకువెళ్లి సాగగొట్టించుకోవడం పాత అలవాటు. కమ్మరి తిత్తి ఊది, ఇనుము రంగు చూసి, అదను తప్పకుండా సమ్మెట వేస్తాడు. రంగు ముదురు ఎరుపుకు దిగగానే దెబ్బ ఆపి మళ్లీ నిప్పులలో పెడతాడు. ఆయన వద్ద ఉష్ణమాపకం ఉండదు, దాని అవసరమూ అంతగా ఉండదు. మామూలు ఉక్కును సుమారు 1250 డిగ్రీల సెల్సియస్ నుంచి 850 డిగ్రీల వరకు సాగగొట్టవచ్చు. అంటే దాదాపు 400 డిగ్రీల వెసులుబాటు ఉన్నందున కంటి అంచనా కొంచెం తప్పినా పని చెడదు.

నికెల్ సూపర్ అల్లాయ్‌లు ఇటువంటి వెసులుబాటు ఇవ్వవు. విమాన ఇంజన్ల టర్బైన్ చక్రాలకు, రాకెట్ ఇంజన్ల భాగాలకు, లోతైన చమురు, సహజవాయు బావులలో దించే పరికరాలకు వాడే ఈ మిశ్రలోహాలను సాగగొట్టగల ఉష్ణోగ్రతల మేర చాలా ఇరుకైనది. పైగా వేగంగా కొట్టే యంత్రంలో పెట్టినప్పుడు దెబ్బల వల్లనే లోహంలో వేడి పుట్టి, కడ్డీ ఆ మేర నుంచి తనంతట తానే బయటకు జరిగిపోయే ప్రమాదం ఉంది. కనుక రేడియల్ ఫోర్జింగ్‌లో కొలిమి నుంచి కడ్డీ ఎంత వేడితో వచ్చిందన్నది సగం ప్రశ్న మాత్రమే. కొట్టే వేగం వల్ల ఎంత వేడి పుడుతున్నది, పైపొర నుంచి ఎంత వేడి పోతున్నది, ఈ రెండూ కడ్డీలో ఏయే చోట్ల జరుగుతున్నాయి అన్నది మిగతా సగం. రక్షణ, అంతరిక్ష, ఇంధన రంగాలలో దేశీయ తయారీ గురించి తరచు ప్రకటనలు వెలువడుతున్న దృష్ట్యా, పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఈ ప్రక్రియ వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

కోనసీమతో సంబంధం

ఈ లోహాల ప్రసక్తి హైదరాబాద్ పరిశోధనశాలలకే పరిమితమని భావించనవసరం లేదు. కోనసీమ నేల కింద సహజవాయువు ఉన్న సంగతి ఈ జిల్లా వాసులకు కొత్త కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి నుంచి ఎగసిన మంటలు మార్చి 15 వరకు, రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ దుర్ఘటనను ఈ మిశ్రలోహాలతో ముడిపెట్టడం సరికాదు. అయితే భూగర్భంలో అణిగి ఉన్న పీడనం ఎంతటిదో ఈ ప్రాంత ప్రజలు కళ్లారా చూసిన సందర్భం అది. కృష్ణా గోదావరి బేసిన్‌లో కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న దీన్‌దయాళ్ క్షేత్రం అధిక పీడన, అధిక ఉష్ణోగ్రత క్షేత్రంగా పరిగణింపబడుతున్నది. దానిలో 80 శాతం వాటాను 2017లో ఓ.ఎన్.జి.సి. స్వీకరించింది.

ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి బావులలో గొట్టాలను వేలాడదీసే హ్యాంగర్లు, మార్గాన్ని బిగించే ప్యాకర్లు, కవాటాల కాడలు మొదలైన వాటికి అల్లాయ్ 718 అనే నికెల్ మిశ్రలోహాన్ని విరివిగా వినియోగిస్తున్నారు. ఉప్పునీరు, బొగ్గుపులుసు వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన వాతావరణంలో మామూలు ఉక్కు తట్టుకోలేని చోట ఇది నిలుస్తుంది. ఈ లోహపు కడ్డీలు బావి పరికరాలకు పనికివచ్చేదీ లేనిదీ నిర్ణయించేందుకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2004లో ప్రత్యేక ప్రమాణాన్ని వెలువరించింది. రసాయనిక కూర్పు, బలం ఒక్కటే చూసి వదిలిపెట్టకుండా, లోహాన్ని కోసి సూక్ష్మదర్శినిలో దాని రేణువులను, రేణువుల సరిహద్దులను పరీక్షించాలని ఆ ప్రమాణం నిర్దేశించడం గమనార్హం. ఆ సరిహద్దులు ఎలా ఏర్పడాలన్నది ఫోర్జింగ్ సమయంలోనే చాలావరకు నిర్ణయమైపోతుంది.

లోహం స్వభావం

అల్లాయ్ 718లో నికెల్ 50 నుంచి 55 శాతం, క్రోమియం 17 నుంచి 21 శాతం ఉంటాయి. నియోబియం సుమారు 5 శాతం, మాలిబ్డినం సుమారు 3 శాతం, టైటానియం, అల్యూమినియం స్వల్పంగా ఉండగా, మిగిలినది ప్రధానంగా ఇనుము. ఇంటర్నేషనల్ నికెల్ సంస్థకు చెందిన హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ రూపొందించిన ఈ లోహానికి 1962లో అమెరికాలో పేటెంటు లభించింది. ఆరు దశాబ్దాలు దాటినా సూపర్ అల్లాయ్‌లలో అత్యధికంగా వాడుకలో ఉన్నది ఇదే.

ఎర్రగా కాలినా బలం కోల్పోకపోవడం ఈ లోహాల సుగుణం. సాగగొట్టవలసి వచ్చినప్పుడు ఆ సుగుణమే అవరోధమవుతుంది. వేడిలో మెత్తబడకుండా ఉండేందుకే తయారుచేసిన లోహాన్ని వేడిచేసి మెత్తబరచి ఆకృతి మార్చవలసి రావడం ఈ పరిశ్రమలోని అసలు చిక్కు.

అల్లాయ్ 718 సుమారు 1260 డిగ్రీల వద్ద కరగడం ప్రారంభిస్తుంది. పోత పోసిన దిమ్మెలో నియోబియం అన్నిచోట్లా సమానంగా ఉండదు. అది ఎక్కువగా పోగుపడిన చోట లేవిస్ అనే ప్రావస్థ ఏర్పడి, 1160 డిగ్రీల ప్రాంతంలోనే కరగనారంభిస్తుంది. అందువల్ల దిమ్మెను సాగగొట్టడానికి ముందు గంటల తరబడి వేడిలో ఉంచి నియోబియాన్ని సమంగా విస్తరింపజేస్తారు. ఇందులో తొందర పనికిరాదు. గది ఉష్ణోగ్రత వద్ద ఈ లోహపు ఉష్ణవాహకత మెత్తని ఉక్కులో నాలుగో వంతు కంటే తక్కువ కనుక, పెద్ద దిమ్మెను హఠాత్తుగా వేడిచేస్తే పైభాగం వ్యాకోచించి లోభాగం వెనుకబడి పగుళ్లు రావచ్చు.

మరొక కీలకమైన గుర్తు 1020 నుంచి 1030 డిగ్రీల పరిసరాలలో ఉంది. నియోబియం శాతాన్ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ మారుతుంది. దీనికి దిగువన నికెల్, నియోబియం కలిసి డెల్టా అనే ప్రావస్థగా రేణువుల అంచులలో చేరుతాయి. డెల్టా కణాలు తగుమాత్రంగా, గుండ్రంగా ఉంటే, పొలం గట్టు మీద పాతిన గుంజల వలె రేణువుల సరిహద్దులను కదలనీయవు. రేణువులు సన్నగానే నిలుస్తాయి. ఉష్ణోగ్రత ఆ గుర్తును దాటితే డెల్టా కరిగిపోతుంది, సరిహద్దులు స్వేచ్ఛగా జరిగి రేణువులు ఒకదానినొకటి మింగి పెరుగుతాయి. అలాగని డెల్టా మితిమీరినా హానికరమే. సూదుల వలె పేరుకుని రేణువుల చుట్టూ అల్లిక కట్టినప్పుడు లోహం పెళుసుబారుతుంది. ముందు పేర్కొన్న చమురు బావుల ప్రమాణం నిషేధించినది ఇటువంటి అల్లికనే.

నాలుగు సమ్మెటల యంత్రం

సాధారణ ప్రెస్‌లో కడ్డీని పైనుంచి, కింద నుంచి రెండు దిమ్మెల మధ్య నొక్కుతారు. అప్పుడు లోహం పక్కలకు ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన పక్కలు సాగదీతకు లోనై అక్కడ పగుళ్లు మొదలవుతాయి. రేడియల్ ఫోర్జింగ్ యంత్రంలో కడ్డీ చుట్టూ నాలుగు సమ్మెటలు 90 డిగ్రీల దూరంలో అమరి ఉండి, నాలుగూ ఒకే క్షణంలో నడిమికి పోటు వేస్తాయి. పక్కలకు ఉబ్బే అవకాశం లేనందున లోహం పొడవునే సాగుతుంది. ఇరువైపులా ఉండే యాంత్రిక హస్తాలు కడ్డీని పట్టుకుని తిప్పుతూ ముందుకు నడుపుతాయి. యంత్రం పరిమాణాన్ని బట్టి నిమిషానికి వంద, రెండు వందల దెబ్బల నుంచి చిన్న యంత్రాలలో వెయ్యికి పైబడి వేయగలిగినవి ఉన్నాయి. ఆస్ట్రియాలోని స్టైయర్ నగరానికి చెందిన జి.ఎఫ్.ఎం. సంస్థ ఈ యంత్రాలకు ప్రసిద్ధి.

తుపాకీ గొట్టాలు, రైలు ఇరుసులు, పనిముట్ల ఉక్కు కడ్డీలు తయారుచేయడంలో ఈ పద్ధతి ముందునుంచీ ఉన్నదే. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అణు రియాక్టర్ల పీడన గొట్టాలకు కావలసిన జిర్కోనియం, నియోబియం మిశ్రలోహాన్ని సిద్ధపరచడంలో రేడియల్ ఫోర్జింగ్‌ను అనుసరించింది. నాలుగు వైపుల నుంచి ఒత్తిడి ఉన్నందున పగుళ్ల బెడద తగ్గుతుంది కాబట్టి సులువుగా లొంగని నికెల్ మిశ్రలోహాలకు ఇది అనువైనదని సహజంగానే అనిపిస్తుంది. అది నిజమే. చిక్కంతా వేగంతో వస్తుంది.

హైదరాబాద్, బెంగళూరు శాస్త్రవేత్తలు గీసిన పటం

ఒక లోహాన్ని ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ వేగంతో సాగగొడితే మేలు, ఎక్కడ కీడు అన్న విషయాన్ని ఒకే పటంలో చూపే పద్ధతి 1984లో వెలువడింది. అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి దీనిని ప్రతిపాదించిన పరిశోధకులలో మొదటివారు, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్య వై.వి.ఆర్.కె. ప్రసాద్. భూపటంలో ఎత్తుపల్లాలను రేఖలతో చూపినట్లే, లోహంలోకి పంపిన శక్తిలో ఎంత భాగం దాని అంతర్నిర్మాణాన్ని మార్చడానికి వినియోగమైనదో ఈ పటాలు రేఖలతో చూపుతాయి. అనేక లోహాల పటాలతో ఆయన సహసంపాదకత్వంలో ఒక సంకలనం 1997లో అమెరికాలో ప్రచురితమైంది. లోహాలను సాగగొట్టే పరిశ్రమలకు అది నేటికీ కరదీపిక.

అల్లాయ్ 718కి ఇటువంటి పటాన్ని హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల (డి.ఎం.ఆర్.ఎల్.) శాస్త్రవేత్త ఎన్. శ్రీనివాసన్, ఆచార్య ప్రసాద్ కలిసి 1994లో ప్రకటించారు. 900 నుంచి 1200 డిగ్రీల వరకు, సెకనుకు 0.001 నుంచి 100 వరకు ఉన్న వికృతి రేట్లలో లోహపు ముక్కలను నొక్కి పరీక్షించారు. వికృతి రేటు అంటే సెకను కాలంలో లోహం తన పరిమాణంలో ఎన్నో వంతు ఆకృతి మారుతున్నదనే కొలత. సగానికి సగం నొక్కడానికి 0.001 రేటులో ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది, 1 రేటులో అర సెకను చాలు.

లోహం చక్కగా పునఃస్ఫటికీకరణ చెందే రెండు చోట్లను ఆ పటం చూపింది. పునఃస్ఫటికీకరణ అంటే దెబ్బలకు నలిగిన పాత రేణువుల స్థానంలో కొత్త, సన్నని రేణువులు పుట్టుకు రావడం. మొదటిది 950 డిగ్రీల వద్ద, 0.001 రేటులో. ఇక్కడ డెల్టా కణాల ఆసరాతో కొత్త రేణువులు మొలకెత్తి సన్నని నిర్మాణం లభిస్తుంది. రెండవది 1200 డిగ్రీల వద్ద, 0.1 రేటులో. పనిని మొదట వేడి చోటులో ప్రారంభించి చివరకు 950 వద్ద నెమ్మదిగా ముగించాలని వారు సూచించారు.

అయితే రేడియల్ ఫోర్జింగ్ దృష్టితో చూసినప్పుడు ఆ పటంలో ప్రధానమైనవి మేలు చూపిన చోట్ల కంటే హెచ్చరిక చేసిన చోట్లే. వికృతి రేటు 1 దాటినప్పుడు 1000 డిగ్రీలకు దిగువన లోహం సన్నని పట్టీల వెంట తెగినట్లు జారిపోతుంది, వీటినే షియర్ బ్యాండ్లు అంటారు. అదే రేటులో 1150 డిగ్రీలకు ఎగువన రేణువుల నడుమ పగుళ్లు పుడతాయి. రేడియల్ ఫోర్జింగ్ యంత్రం సమ్మెట కింద వికృతి రేటు మామూలుగానే 1 ప్రాంతంలో లేదా అంతకు మించి ఉంటుంది. ఎనిమిది నిమిషాలు ఓపికగా నొక్కడం ఆ యంత్రం స్వభావంలో లేదు. కాబట్టి ఆ పటంలో వేగవంతమైన యంత్రానికి మిగిలినది 1000కీ 1150కీ మధ్య ఉన్న ఒక సన్నని దారి మాత్రమే. ఉక్కుతో పనిచేసే కమ్మరికి ఉన్న వెసులుబాటులో ఇది సగం కూడా కాదు.

ఇక్కడ ఒక వివరణ అవసరం. ప్రయోగశాలలో చిన్న ముక్కను ఏకధాటిగా నొక్కుతారు. యంత్రంలో ఒక్కొక్క దెబ్బ స్వల్పం, దెబ్బకూ దెబ్బకూ నడుమ లోహానికి ఊపిరి తీసుకునే విరామం ఉంటుంది, నాలుగు వైపులా ఒత్తిడి కాపుదలగా ఉంటుంది. అందువల్ల ఆచరణలో 1000 డిగ్రీలకు కొంత దిగువ వరకు వెళ్లడం సాధ్యమే. ఎంత దిగువకు అన్నది ప్రతి కర్మాగారమూ తన యంత్రం మీద, తన కడ్డీ పరిమాణంతో పరీక్షించి నిర్ధారించుకోవలసి ఉంటుంది. ఒకరి పట్టిక మరొకరికి అక్కరకు రాదు.

దెబ్బలో పుట్టే వేడి

లోహాన్ని చల్లగా ఉన్నప్పుడు వంచినా వేడెక్కుతుందని తీగను అటూ ఇటూ పదేపదే వంచి విరిచిన వారందరికీ తెలుసు. ఆకృతి మార్చడానికి వెచ్చించిన శక్తిలో సుమారు 90 శాతం లేదా అంతకు పైన వేడిగా మారుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు టేలర్, క్విన్నీ 1934లో చూపారు. నికెల్ సూపర్ అల్లాయ్ వేడిలో సైతం గట్టిగా ప్రతిఘటిస్తుంది కాబట్టి దానిపై వెచ్చించవలసిన శక్తి ఎక్కువ, పుట్టే వేడి కూడా ఆ మేరకు ఎక్కువ.

ఒక ఉదాహరణ లెక్క చూడవచ్చు. కడ్డీ అడ్డుకోత వైశాల్యాన్ని ఒక విడతలో 20 శాతం తగ్గించినట్లు, లోహం ప్రతిఘటన చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్లు ఉన్నట్లు అనుకుంటే, ఆ ఒక్క విడతలో లోహం వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. లోహం చల్లబడి ప్రతిఘటన 400 న్యూటన్లకు చేరితే పెరుగుదల 16 డిగ్రీలు దాటుతుంది. ఐదారు విడతలు వరుసగా, విరామం లేకుండా సాగితే 50 డిగ్రీలు సులభంగా చేరుతుంది. మొత్తం దారి వెడల్పే 150 డిగ్రీలైనప్పుడు ఇది చిన్న మొత్తం కాదు.

మరోవైపు పైపొర నుంచి వేడి నిరంతరం పోతూ ఉంటుంది. 1000 డిగ్రీల వద్ద ఉన్న ఉపరితలం చదరపు మీటరుకు సుమారు 120 కిలోవాట్ల చొప్పున వెలుగురూపంలో వేడిని విడుస్తుంది. 200 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మీటర్ల పొడవు గల కడ్డీ మొత్తం మీద ఇది సుమారు 300 కిలోవాట్లు. సగటున నిమిషానికి 28 డిగ్రీల చొప్పున కడ్డీ చల్లబడుతుందన్నమాట. సమ్మెటల స్పర్శ వల్ల పోయేది దీనికి అదనం. కనుక విడత 20 సెకన్లలో పూర్తయితే వచ్చిన వేడి, పోయిన వేడి దాదాపు సరిపోతాయి. అదే విడతకు 40 సెకన్లు తీసుకుంటే నికరంగా 9 డిగ్రీలు నష్టం. యంత్రం నడిపేవారు కడ్డీ నడకను వేగిరపరచడం, నెమ్మదింపజేయడం ద్వారా కొలిమిలో మళ్లీ పెట్టకుండానే ఉష్ణోగ్రతను నిలపగలరు. రేడియల్ ఫోర్జింగ్‌లోని అసలైన నేర్పు ఇదే.

కడ్డీ సన్నబడేకొద్దీ ఈ లెక్క మారిపోతుంది. వ్యాసం 100 మిల్లీమీటర్లకు దిగితే చల్లబడే వేగం రెట్టింపై నిమిషానికి 56 డిగ్రీలు అవుతుంది. అదే సమయంలో కడ్డీ పొడవు నాలుగు రెట్లై విడత పూర్తి కావడానికి పట్టే కాలం పెరుగుతుంది. మొదటి విడతలలో వేడెక్కుతుందేమోనని జాగ్రత్తపడిన కడ్డీయే చివరి విడతలలో చల్లబడిపోతుందేమోనన్న ఆందోళన కలిగిస్తుంది. అందుచేత ఆరంభానికి కుదిరిన వేగాన్నే చివరి వరకు కొనసాగించడం పొరపాటు.

పైన చెప్పినవన్నీ సగటు లెక్కలు. ఏటి లోతు సగటున మోకాటిబంటి అని నమ్మి దిగినవాడి సంగతి తెలిసిందే. వేడి పోయేది పైపొర నుంచి, పుట్టేది లోపల కూడా. 200 మిల్లీమీటర్ల కడ్డీలో నడిమి నుంచి అంచుకు వేడి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, విడతలు మాత్రం సెకన్లలో సాగుతాయి. కనుక ఒకే కడ్డీలో ఒకే క్షణాన నడిమి భాగం డెల్టా కరిగే గుర్తును దాటి రేణువులు ముతకబారుతూ ఉండగా, పైపొర షియర్ బ్యాండ్లు పుట్టే హద్దుకు దిగిపోయి ఉండవచ్చు. పైన బిగుసుకుని, లోపల సడలిన కడ్డీ తయారవుతుంది. బయట నుంచి చూసే వికిరణ ఉష్ణమాపకం చూపేది పైచర్మాన్ని మాత్రమే. ఆ చర్మం మీద ఆక్సైడ్ పొలుసు కట్టి ఉంటే అది కూడా సరిగా చూపదు.

మరొక విపరీతం ఉన్నది. లోహం మొత్తంగా చల్లబడితే గట్టిపడి, తదుపరి దెబ్బకు ఎక్కువ వేడి పుట్టించుకుని కొంత తేరుకుంటుంది. ఇది మేలే. కానీ లోపల ఏదో ఒక పట్టీ చుట్టుపక్కల కంటే కొంచెం వేడెక్కితే అది మెత్తబడుతుంది. మెత్తబడిన చోటే తరువాతి దెబ్బ వికృతి అంతా పోగుపడుతుంది, అందువల్ల అది ఇంకా వేడెక్కుతుంది. వరద గట్టులో నెర్రె పడినచోటే నీరంతా దారి చేసుకున్నట్లు, ఆ పట్టీయే షియర్ బ్యాండ్ అవుతుంది.

దెబ్బ లోతు కూడా ముఖ్యమే. చల్లబడుతుందన్న భయంతో విడతకు చాలా స్వల్పంగా తగ్గిస్తూ పోతే పైపొర మాత్రమే నలుగుతుంది. నడిమి భాగానికి వికృతి చేరక పోత నాటి ముతక నిర్మాణం అలాగే ఉండిపోతుంది. తిరిగి కొలిమిలో పెట్టవలసి వచ్చినప్పుడు ఆ తరువాత తగినంత సాగగొట్టుడు మిగిలి ఉండాలి. చివరి వేడి తరువాత నామమాత్రంగా కొట్టి వదిలిన చోట రేణువులు పెరిగి ఉండిపోతాయి, సన్నబరచే అవకాశం మళ్లీ రాదు. యాంత్రిక హస్తాలు పట్టుకునే కొసల వద్ద ఈ లోపం తరచుగా కనిపించడానికి కారణం ఇదే.

ముతక రేణువుల వెనుక దాగే ప్రమాదం

రేణువు సన్నగా ఉందా, ముతకగా ఉందా అన్నది లోహ శాస్త్రవేత్తల చాదస్తం కాదు. టర్బైన్ చక్రానికి వాడే లోహంలో రేణువు వ్యాసం సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు ఉండాలని కోరుకుంటారు. సన్నని రేణువులు పగులు పుట్టుకను ఆలస్యం చేస్తాయి. అంతే ప్రధానమైన మరొక ప్రయోజనం ఉంది. లోపల దాగిన లోపాలను అతిధ్వని తరంగాలు పంపి వెదుకుతారు. ముతక రేణువులు ఆ తరంగాలను చెదరగొట్టి గోల పుట్టిస్తాయి, ఆ గోలలో చిన్న లోపం సూచన మునిగిపోతుంది. సంతలో పిలుపు వినబడనట్లే.

2016 అక్టోబర్ 28న చికాగో ఓహేర్ విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 383 విమానం ఎగిరేందుకు పరుగెడుతుండగా కుడివైపు ఇంజన్‌లోని టర్బైన్ చక్రం పగిలింది. ఒక ముక్క దాదాపు 900 మీటర్ల దూరంలోని గిడ్డంగి పైకప్పును చీల్చుకుపోయింది. విమానానికి నిప్పంటుకున్నా అందులోని 170 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ చక్రం అల్లాయ్ 718తో చేసినది. లోహాన్ని కరిగించే దశలో లోపల చేరిన సూక్ష్మమైన లోపం నుంచి పగులు మొదలై ఏళ్ల తరబడి పెరిగిందని, తయారీ నాటి పరీక్షలలో అది కనబడి ఉండకపోవచ్చునని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. ఆ లోపం ఫోర్జింగ్‌లో పుట్టినది కాదు, ఫోర్జింగ్ దానిని మాయం చేయగలిగేదీ కాదు. కానీ పరీక్షకుని కంటికి లోహం ఎంత స్పష్టంగా కనబడుతుందన్నది ఫోర్జింగ్ చేతిలో ఉంది.

హైదరాబాద్‌లో జరుగుతున్న కృషి

రక్షణ మంత్రిత్వ శాఖ ఆధీనంలోని మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) 1973లో హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్‌లో ఏర్పాటైంది. సూపర్ అల్లాయ్‌లు, టైటానియం, ప్రత్యేక ఉక్కులను తయారుచేసే ఈ సంస్థ తన నికెల్ మిశ్రలోహాలను సూపర్ని అనే పేరుతో విక్రయిస్తున్నది. శూన్యంలో కరిగించడం, మళ్లీ కరిగించి శుద్ధిచేయడం, 6000 టన్నుల ప్రెస్‌తో సాగగొట్టడం వంటి సదుపాయాలు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. 2018లో సంస్థ వాటాలు ప్రజలకు విక్రయించి స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైంది.

వేగం వల్ల వచ్చే చిక్కుకు పూర్తిగా భిన్నమైన పరిష్కారాన్ని పొరుగునే ఉన్న డి.ఎం.ఆర్.ఎల్. చేపట్టింది. లోహంతో పాటు అచ్చులను కూడా దాదాపు అంతే వేడికి తెచ్చి అతి నెమ్మదిగా నొక్కే సమోష్ణ ఫోర్జింగ్ పద్ధతిలో, 2000 టన్నుల ప్రెస్‌పై జెట్ ఇంజన్ కంప్రెసర్ చక్రాలను టైటానియం మిశ్రలోహంతో తయారుచేసినట్లు 2021 మే నెలలో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ ప్రకటించింది. ఆడోర్ ఇంజన్ల కోసం మిధాని సహకారంతో 200 చక్రాలు బెంగళూరులోని హెచ్.ఎ.ఎల్.కు అందాయి. పటంలోని 0.001 రేటు దరిదాపులలో పనిచేయడం ఇటువంటి ప్రెస్‌కే సాధ్యం. అయితే అది చక్రాలకు తగిన పద్ధతి. మీటర్ల పొడవైన కడ్డీలను, షాఫ్టులను ఆ వేగంతో చేయబూనడం ఆచరణసాధ్యం కాదు. అక్కడ నాలుగు సమ్మెటల యంత్రం తప్పనిసరి.

టైటానియం, అల్యూమినియం పాళ్లు పెరిగేకొద్దీ నికెల్ మిశ్రలోహం మరింత బలిష్ఠమవుతుంది, సాగగొట్టగల దారి ఇంకా ఇరుకవుతుంది. ఒక దశ దాటిన తరువాత అసలు సమ్మెటకు లొంగదు, పోత పోయవలసిందే. హెలికాప్టర్ ఇంజన్ల కోసం డి.ఎం.ఆర్.ఎల్. 2021 ఏప్రిల్‌లో అందించిన 60 ఏకస్ఫటిక టర్బైన్ రెక్కలు ఆ కోవకు చెందినవి. వీటి గురించి వ్రాసేటప్పుడు ఫోర్జింగ్ అనీ, సాగగొట్టిన చక్రాల గురించి వ్రాసేటప్పుడు పోత అనీ వార్తలలో తారుమారు కావడం అప్పుడప్పుడు కనిపిస్తున్నది. రెండూ నికెల్ లోహాలే అయినా తయారీ మార్గాలు వేరు.

పరిశీలనకు వెళ్లినప్పుడు

కర్మాగారాలను సందర్శించే పాత్రికేయులు, కొనుగోలు పత్రాలను పరిశీలించే అధికారులు సాధారణంగా యంత్రం ఎన్ని టన్నులదని అడుగుతారు. అంతకంటే ఉపయోగకరమైన సమాచారం ప్రతి కడ్డీకి జతపరచే చిట్టాలో ఉంటుంది. కొలిమి నుంచి తీసిన వేళ, మొదటి దెబ్బ పడిన వేళ, ప్రతి విడతకు పట్టిన కాలం, తగ్గించిన శాతం, చివరి దెబ్బ నాటి ఉష్ణోగ్రత, ఎన్నిసార్లు తిరిగి కొలిమిలో పెట్టారు, చివరి వేడి తరువాత ఎంత సాగగొట్టారు అనేవి అందులో నమోదై ఉండాలి. కొలిమి ఉష్ణోగ్రత ఒక్కటే వ్రాసి ఉన్న చిట్టా సగం చిట్టాయే.

రేణువుల కొలత కడ్డీలో ఏ చోటు నుంచి తీసిన నమూనాదో కూడా గమనించవలసి ఉంటుంది. అంచు నుంచి తీసిన నమూనా ఒక్కటే అందంగా కనిపించవచ్చు. కొసలలోని పనికిరాని భాగం కోసివేసిన తరువాత, కడ్డీ రెండు చివరలా అడ్డుకోత ముఖంపై అంచున, సగం వ్యాసార్థం వద్ద, నట్టనడుమ, మూడు చోట్లా తీసిన కొలతలు పక్కపక్కన ఉన్నప్పుడే ఆ కడ్డీ యంత్రంలో గడిపిన నిమిషాలలో వేడి ఎటు మొగ్గినదో తెలుస్తుంది.